మ్యాపులో లేని లాంచీ

సోమవారం. యానాం రేవు. గోదారికి ఎర్రనీరు వచ్చింది, వాన లేదు.

పొద్దున్న ఫోను తెరిచేసరికి మ్యాపులో పేరిరాజు బావ లాంచీ లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా రేవులోనే ఉంది. బావ దాని అంచు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి, నా వైపున్న నీళ్ళల్లోకే ఉమ్మాడు.

ఒక్క బావ లాంచీయే కాదు, విహంగ కంపెనీ లాంచీలన్నీ మాయమయ్యాయి. నిన్నటిదాకా మా ఓల్మా కంపెనీ లాంచీలు నీలం చుక్కల్లా, వాళ్ళవి ఆకుపచ్చ చుక్కల్లా గౌతమి పొడుగునా పాకుతూ కనిపించేవి. ఇవాళ నీలం ఒక్కటే మిగిలింది. నది మొత్తం మాదే అన్నట్టుంది. నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.

ఏసుపాదం మా ఇంజను చూసే మనిషి. మా నాన్న లాంచీ నడిపే సరంగుగా ఉన్నప్పటి నుంచీ మా పడవల్లోనే ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగిచూసి, మరి వాళ్ళ ఫోనుల్లో మనం కనపడతామా అని అడిగాడు. కనపడం అన్నాను. మళ్ళీ ఇంజను దగ్గరికి దిగిపోయాడు.

ఓల్మా వాళ్ళ లాగు, అంటే రోజువారీ ప్రయాణాల చిట్టా, ఫోనులోనే ఉంది. దాంట్లో విహంగ అని రాస్తే ఆ మాట పడదు, రాసిన చోట ఖాళీ మిగులుతుంది. ఎదురొచ్చిన పడవ పేరు రాయకుండా లాగు రాయడం నాకు చేతకాదు. అందుకని ఇది కాగితం మీద రాస్తున్నాను.

బుధవారం. మబ్బు. కోటిపల్లి వెళ్ళి వచ్చాం.

రేవులో మళ్ళీ కొట్లాట. ఒక ముసలాయన విహంగ ఫోనుతో మా లాంచీ ఎక్కబోతే గేటు మూసుకుపోయి చెయ్యి నలిగింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు అయ్యో అనలేదు. చదువురాదా, పచ్చగేటు అటుంది కదా అని తిట్టారు. ఆయన వెళ్ళి పచ్చగేటు దగ్గర నిలబడితే, అక్కడివాళ్ళు ఇందాక నీలంగేటు ముందు నీకేం పని అని తిట్టారు.

ఊళ్ళో అన్నీ ఇంతే. మందుల షాపులు రెండు రకాలు, బస్సులు రెండు రకాలు. నాకు జ్వరమొస్తే ఓల్మా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, ఆయనకి నా పాత కాగితాలు తెరుచుకుంటాయి. పోయిన వేసవిలో ఒక కంపెనీ ఫోను నుంచి ఇంకో కంపెనీ ఫోనుకి కాల్స్ కూడా ఆగిపోయాయి. మా అక్క వరాలమ్మది విహంగ ఫోను. నదికి నడిమధ్య నడవలంకలో ఉంటుంది. నేను దానితో మాట్లాడాలంటే చేపలమ్మే సత్తెమ్మతో కబురు పంపాలి. సత్తెమ్మకి ఏ ఫోనూ లేదు, అందుకే అన్ని గుమ్మాలూ తొక్కగలదు.

అక్క మొగుడే పేరిరాజు. మా నాన్న పోతూ తన లాంచీ ఇద్దరు కూతుళ్ళకీ, అంటే అక్కకీ నాకూ, వదిలిపెట్టాడు. నా భర్త అప్పటికే లేడు. నేనూ బావా కలిసి నడిపాం. సముద్రం పైకొచ్చి, రోడ్లు మునిగి, కోనసీమంతా లంకలైపోయాక మా గిరాకీకి లోటు లేదు. అప్పుడు కంపెనీలు వచ్చాయి. నాతో ఒక్క మాట చెప్పకుండా బావ విహంగలో చేరి కొత్త లాంచీ తెచ్చుకున్నాడు. ఆ వారమే నేను ఓల్మాకి సంతకం పెట్టాను. ఓల్మా మంచిదని కాదు, అది విహంగ కాదని. నాన్న లాంచీ కట్టే చోటు, రేవులో మెట్లకి దగ్గరది, నేను అట్టేపెట్టుకున్నాను. బావ దాన్ని మర్చిపోలేదు. నేనూ ఏమీ మర్చిపోలేదు.

శుక్రవారం. వాన మొదలైంది.

అమలాపురం నుంచి ఓల్మా అధికారి అభిలాష్ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు విడిచి లాంచీ ఎక్కుతాడు. సరంగులందర్నీ కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇప్పించి, మునిగిన వంతెన గురించి మాట్లాడాడు.

నడవలంకకి కిందుగా పాత రోడ్డు వంతెన కాళ్ళు నీళ్ళల్లో నిలబడి ఉన్నాయి. అటూ ఇటూ ఇసుక మేటలు. నడిమధ్య రెండు కాళ్ళ సందులోనే లాంచీకి చాలినంత లోతుంది, అది కూడా ఒక్క లాంచీకే. ఇన్నాళ్ళూ ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు వెళ్ళేవాళ్ళు, రెండోవాళ్ళు ఆగేవాళ్ళు. రెండు ఫోన్లూ తమలో తాము మాట్లాడుకుని ఆ సంగతి తేల్చేవి. లాంచీ నడిపేది ఎలాగూ ఫోనే. చుక్కాని పక్కనున్న గూట్లో దాన్ని పెడితేనే ఇంజను మేలుకుంటుంది. మేము చుక్కాని పట్టుకుంటే ఎందుకు పట్టుకున్నారని అడుగుతుంది.

ఇక నుంచి ఆ సందు దగ్గర ఆగొద్దని అభిలాష్ చెప్పాడు. మనం ఆగినప్పుడల్లా వాళ్ళ లాంచీ ముందు చేరుతుందట, ముందు చేరినవాడికే లంకల్లో జనం అలవాటు పడతారట. పచ్చచుక్కలు ఎందుకు తీసేశారని ఎవరో అడిగారు. తీసేసింది తాము కాదనీ, విహంగ వాళ్ళు మన లెక్కలు దొంగిలిస్తుంటే తలుపు వేసుకున్నామనీ అన్నాడు. అదే రోజు పచ్చగేటు అవతల విహంగ అధికారి తన సరంగులకి ఇదే మాట చెప్పాడని సత్తెమ్మ తర్వాత చెప్పింది. దొంగ పేరు ఒక్కటే మారిందట.

మంగళవారం. గట్టి వాన.

ఇవాళ చావు తప్పింది.

కోటిపల్లి నుంచి దిగువకి వస్తున్నాం. వాన తెర వేసినట్టు పడుతోంది, లాంచీ ముక్కు నాకే సరిగా కనపడటం లేదు. దారి ఖాళీగా ఉందని ఫోను చెప్పింది. సందులోంచి బయటపడగానే ఎడమ పక్కన బావ లాంచీ. మా అంచూ వాళ్ళ అంచూ రాసుకుని పచ్చరంగు పెచ్చు ఒకటి ఊడి మా డెక్కు మీద పడింది. పిల్లా జెల్లా కేకలు పెట్టారు.

బావ నన్ను కళ్ళు పోయాయా అన్నాడు. నేను ఇక్కడ రాయడానికి వీల్లేని మాట అన్నాను. మా ప్రయాణికులు వాళ్ళ ప్రయాణికుల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఒకడు వాటర్ బాటిల్ విసిరాడు. ప్రాణాలతో బయటపడ్డామన్న ఆలోచన ఎవరికీ ఉన్నట్టు లేదు.

రేవు చేరాక రేవు అధికారి ఆఫీసుకి వెళ్ళాను. ప్రభుత్వ ఆఫీసే. గుమాస్తా అంతా విని, ఫిర్యాదు ఆన్‌లైన్లో పెట్టమన్నాడు. తెరిస్తే ఆ పేజీ నా ఫోనులో రాలేదు. ఈ ఏడు ఆఫీసు పనులన్నీ విహంగకి ఇచ్చారట. కాగితం మీద రాసిస్తానంటే, తీసుకుని ఎక్కడ పెట్టుకోనమ్మా అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆదివారం. వాన తెరిపి ఇచ్చింది.

సత్తెమ్మ నాటుపడవ ఎక్కి నడవలంక వెళ్ళాను. అక్క ఇంటి గుమ్మం తొక్కి చాలా కాలమైంది. నన్ను చూసి అక్క కంగారుపడి పీట వేసింది. బావ వల బాగుచేసుకుంటున్నాడు, తలెత్తలేదు.

"నీ కంపెనీ పంపితే వచ్చేవా, నీ అంతట నువ్వొచ్చేవా?"

"నేనే వచ్చేను బావా. వానలో నువ్వు నాకు అవుపడతం లేదు. నేను నీకు అవుపడతం లేదు. వంతెన దగ్గర మనమే ఓ మాట అనుకుందాం. పొద్దున్నపూట నువ్వు ముందెళ్ళు, నేను ఆగుతాను. సాయంత్రం నువ్వాగు."

"సాయంత్రమే గదా జనం ఉండేది."

అలాగైతే సాయంత్రం నువ్వే వెళ్ళు, పొద్దున్న నేను వెళ్తానన్నాను. అప్పుడు తలెత్తాడు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోవడంలో ఏదో మోసముందని ఆయన అనుకుంటున్నట్టు మొహంలోనే తెలిసింది. పొద్దున్న ఆస్పత్రి జనం ఉంటారు కదా, అందుకా అన్నాడు. విహంగలోకి వచ్చెయ్యి, అప్పుడు నీ చుక్క నా మ్యాపులో తిరుగుతుంది, ఏ గొడవా ఉండదన్నాడు. నువ్వే ఓల్మాకి రావచ్చు కదా అన్నాను.

"మీ నాన్న చోటులో నీ లాంచీ కట్టుకుని, నన్ను నీ కిందికి రమ్మంటున్నావా?"

అక్క మధ్యలో వచ్చి, ఇద్దరూ కాసేపు నోరు మూసుకోండి, అన్నం తినండి అంది. నేను తినకుండానే లేచాను. గుమ్మం దిగుతుంటే అక్క వెనకాలే వచ్చి ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టింది.

"ఆయన్ని మారుస్తానే. వారం ఆగు."

శుక్రవారం. చిన్నచిన్న జల్లులు.

కాకినాడ నుంచి వచ్చిన ఒక రొయ్యల పడవ వాళ్ళ దగ్గర చేత్తో నొక్కితే ఊదే బూర కొన్నాను. గాలి డబ్బాకి బిగించినది, మోత చెవులు బద్దలయ్యేట్టు ఉంది. లాంచీకి హారను ఉంది కానీ దాన్ని మోగించాలంటే ఫోను మోగించాలి. దాని మ్యాపులో అడ్డం లేనప్పుడు అదెందుకు మోగిస్తుంది?

ఇవాళ వంతెనకి ముందు ఊదాను. ఎవరూ ఎదురు రాలేదు. ఏసుపాదం కింది నుంచి తల బయటపెట్టి నవ్వాడు.

సాయంత్రం అభిలాష్ ఫోను చేశాడు. ప్రయాణికుల్లో ఎవరో ఫిర్యాదు చేశారట. అనుమతి లేని శబ్దం చేయడం ఒప్పందానికి విరుద్ధం అన్నాడు. ఎదుటి లాంచీకి తెలియడానికి ఊదుతున్నానన్నాను.

"అదేనండి ఇబ్బంది, నూకరత్నం గారూ. మనం ఎక్కడున్నామో పోటీ కంపెనీకి మీరు తెలియజేస్తున్నారు."

వెటకారమేమో అనుకున్నాను. కాదు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. ఇంకోసారి ఇలాగైతే లాంచీకి తాళం పడుతుందని, అది తన చేతుల్లో ఉండదని మెత్తగా చెప్పాడు. సరే అన్నాను. బూర మాత్రం చుక్కాని పక్కనే ఉంచాను.

బావ ఏమంటున్నాడో సత్తెమ్మ చేపలగంప దించుతూ చెప్పింది. రత్నం కొత్తగా బూర కొనుక్కుంది, దాంతో అదిలించి సందులోంచి నన్ను తప్పించాలని చూస్తోంది అంటున్నాడట. ఊదడం ఎందుకో చెప్పమని సత్తెమ్మని మళ్ళీ పంపాను. చెప్పిందట. విన్నాడట. నవ్వాడట.

గురువారం.

దీన్ని నిన్న రాయాల్సింది. చెయ్యి రాలేదు.

నిన్న మధ్యాహ్నం కోటిపల్లి నుంచి దిగువకి బయలుదేరాం. వరద ఉధృతంగా ఉంది. నడవలంక దాటేసరికి వాన ఎత్తుకుంది. వంతెన కాళ్ళు కనపడలేదు, నీళ్ళు వాటికి కొట్టుకునే చప్పుడే వినిపిస్తోంది. బూర తీసి గట్టిగా ఊదాను. దారి ఖాళీగా ఉంది, వేగం పెంచుతున్నాను అని ఫోను అంది.

రెండోసారి ఊదాను. అప్పుడు ఎదుట ఇంజను చప్పుడు వినిపించింది. బావదే. ఆ ఇంజను ఎక్కడ విన్నా గుర్తుపడతాను. వేగం తగ్గించమని ఫోనుకి చెప్పాను. కారణం అడిగింది. ఎదుట లాంచీ ఉందన్నాను. అలాంటిదేమీ లేదంది. విహంగ లాంచీ అని అరిచాను. ఆ మాట దానికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది.

ఫోనుని గూట్లోంచి అప్పుడే పీకేయాల్సింది. పీకలేదు. ఆ కాసేపు నా మనసులో ఉన్నది ఒక్కటే మాట. రెండుసార్లు ఊదాను, ఈసారి బావే తగ్గాలి. దీన్ని కూడా రాస్తున్నాను, ఇది లాగు కాబట్టి.

వాన తెరలోంచి పచ్చ లాంచీ మాకు అడ్డంగా తిరుగుతూ బయటికి వచ్చింది. ఫోను పీకాను. ఇంజను ఆగిపోయింది, కానీ వరద ఆగదు కదా. మా లాంచీ ముక్కు వెళ్ళి వాళ్ళ లాంచీ వెనక భాగానికి, సరిగ్గా చుక్కాని ఉండే చోట తగిలింది. వాళ్ళ లాంచీ గిర్రున తిరిగి వంతెన కాలికి కొట్టుకుంది. బావ లాంచీకీ ఆ కాలికీ మధ్య పడిపోయాడు. నేను చూశాను.

తర్వాత జరిగినవి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. వాళ్ళ లాంచీ ఒరిగిపోయి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఏసుపాదం లంగరు వేసి, మోకు విసిరి రెండు లాంచీల్నీ కట్టాడు. ఫోను గూట్లోంచి తీసేయడంతో మా లైఫ్ జాకెట్ల పెట్టె తెరుచుకోలేదు. పెద్ద స్పానరుతో తాళం పగలగొట్టాడు. నిన్నమొన్నటిదాకా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్న జనమే గెడలు అందించి, చీరలు ముడేసి, వాళ్ళ వాళ్ళని మా డెక్కు మీదికి లాగారు. నా జేబులో ఫోను మాట్లాడుతూనే ఉంది. టికెట్ లేని ప్రయాణికులు ఎక్కారు, దయచేసి దింపండి అంటోంది.

ఒక చెయ్యి నీళ్ళల్లోంచి మోకు పట్టుకుంది. ఆ గాజులు చూసి గుర్తుపట్టాను. అక్క ఆ లాంచీలో ఉందని నాకు తెలియదు. జుట్టూ జబ్బా దొరకబుచ్చుకుని పైకి లాగాను. డెక్కు మీద పడి దగ్గింది. నన్ను చూసింది. ఆయన ఏరీ అని అడగలేదు. అదీ చూసిందన్నమాట.

అందరూ బయటపడ్డారు, బావ తప్ప. ఇవాళ పొద్దున్న దిగువన మడచెట్ల వేళ్ళల్లో దొరికాడు.

శనివారం.

నా లాంచీకి తాళం వేశారు. ఓల్మా అందరికీ పంపిన కబురులో, దూసుకొచ్చిన మరో సంస్థ లాంచీ వల్ల ప్రమాదం జరిగిందనీ, ఓల్మా సరంగు ధైర్యంగా ప్రయాణికుల్ని కాపాడిందనీ ఉంది. విహంగ ఫోను ఉన్నవాళ్ళకి వచ్చిన కబురు సత్తెమ్మ ఎవరి దగ్గరో చదివించుకుని వచ్చింది. అందులో, పాత కక్షతో ఓల్మా సరంగు కావాలని గుద్దిందని ఉందట. నా పేరు కూడా ఉందట. రేవులో పచ్చగేటు వైపు నుంచి రాయి ఒకటి వచ్చి ఏసుపాదం మోకాలికి తగిలింది. నీలంగేటు వైపు జనం నా చుట్టూ చేరి, పదండి వాళ్ళ సంగతి చూద్దాం అన్నారు. ఇంటికి పొండని వాళ్ళ మీద అరిచాను.

బావ చిన్నదినానికి నడవలంక వెళ్ళాను. అక్క ఇంటి ముందు ఆయన తమ్ముళ్ళు అడ్డంగా నిలబడ్డారు. ఒకడు ఫోను నా మొహానికి అడ్డంపెట్టి, ఇది చదివి అప్పుడు లోపలికి రా అన్నాడు. అక్క లోపలే ఉంది. అరుగు మీదికి రాలేదు. నేను గట్టిగా పిలవలేదు.

సోమవారం. యానాం. విచారణ.

రేవు ఆఫీసు హాల్లో రిటైరైన జడ్జిగారు కూర్చున్నారు. అటు విహంగ లాయర్లు, ఇటు ఓల్మా లాయర్లు. మధ్యాహ్నం దాకా నన్నూ ఏసుపాదాన్నీ అడిగారు. చుక్కలు ఎందుకు తీసేశారన్న సంగతి నేను మొదలుపెట్టినప్పుడల్లా ఇద్దరు లాయర్లూ ఒకేసారి లేచి అభ్యంతరం చెప్పారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళిద్దరూ కలవడం చూశాను.

తర్వాత అక్కని పిలిచారు. తెల్లచీరలో దాన్ని చూడటం అదే మొదటిసారి. నా వైపు చూడకుండా నిలబడింది. విహంగ లాయరు, మీ ఆయనకి బూర వినపడిందా అని అడిగాడు. వినపడలేదని చెబుతుందని అతని నమ్మకం.

"ఇనపడిందండి. రెండుసార్లు ఇనపడింది. ఏవండీ, రత్నం లాంచీ వత్తందండి, ఆపండి అన్నాను. మ్యాపులో ఏం లేదు, దారి ఖాళీయే, నన్ను తప్పించడానికి మాయ చేత్తంది అన్నారు."

లాయరు వెంటనే దారి మార్చుకున్నాడు. అయితే ఎదుట ఉన్నది మరదలేనని ఆయనకి తెలుసు కదా అన్నాడు. తెలుసంది. ఇద్దరికీ పడదా అన్నాడు. పడదంది. ఇక చాలు, వెళ్ళమన్నాడు. అక్క కదల్లేదు.

"ఇంకా ఉందండి. నా మాట ఇనలేదు, దాని బూర ఇనలేదు, మీ ఫోను మాట ఇన్నారు. రోజూ ఆ ఫోనే చెప్పేదండి, అవతలోళ్ళు మన నోటికాడ కూడు లాక్కుంటున్నారని. మీ రెండు ఫోన్లూ ఎప్పట్లా మాట్లాడుకుని ఉంటే మా ఆయన బతికుండేవోరు."

ఓల్మా లాయరు సంతోషంగా లేచి, అయితే మీ చెల్లెలి తప్పేమీ లేదంటారు అన్నాడు. అక్క మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఊదిన మాట నిజం. ఆగని మాటా నిజం. అది చిన్నప్పట్నించీ ఎవరికీ తగ్గదండి. దాని మొహం నేను జన్మలో సూడను."

తల వంచుకున్నాను. అది చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

బుధవారం. నీరు తీసింది.

నివేదిక వచ్చింది. ఇద్దరు సరంగుల మధ్య చిరకాలంగా ఉన్న కుటుంబ వైరమే ప్రమాదానికి కారణమట. దానికి సాక్ష్యంగా అక్క అన్న చివరి మాట యథాతథంగా అచ్చు వేశారు. దానికి ముందు అది ఫోన్ల గురించి అన్నది ఒక్క ముక్క లేదు. పేజీలన్నీ తిప్పి చూశాను. ఏసుపాదం చేత కూడా చూపించాను.

టీవీలో కంపెనీ పెద్దలిద్దరూ పక్కపక్కన నిలబడి చేతులు కలిపారు. రానున్న నెల నుంచి లాంచీల జాడ ఒకరికొకరు చెప్పుకుంటారట. వినియోగదారుల కోరికని మన్నించి ఈ నిర్ణయం తీసుకున్నారట. ఇద్దరి మెడల్లోనూ ఒకే రకం పూలదండలు. బావ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే నా పేరూ ఎత్తాలి, మా లాంచీలు ఎందుకు గుద్దుకున్నాయో చెప్పాలి.

అభిలాష్ వచ్చి నా ఓల్మా కార్డు వెనక్కి తీసుకున్నాడు. పోయినాయన్ని తలుచుకుంటే బాధగా ఉందన్నాడు. అలాగే చెప్పులు విడిచి లోపలికి రాబోతే, గుమ్మంలోనే ఆపాను. నీ బాధ మీ ఆఫీసులో రాసుకో, ఇక్కడ కాదు అన్నాను. అతని మొహం ఎర్రబడింది. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కూడా కలగడం లేదు.

శుక్రవారం. ఎండ.

ఒప్పందం అమల్లోకి వచ్చేదాకా రెండు కంపెనీల లాంచీలూ తిరగకూడదని ప్రభుత్వం ఆపేసింది. లంకల్లో జనం ఇబ్బంది పడుతున్నారు. ఏసుపాదం ఎవరిదో పాత చేపల నావ తెచ్చి, దానికి డీజిలు ఇంజను బిగించాడు. ఫోను గూడు లేదు. తాడు లాగితే ఇంజను స్టార్టవుతుంది, చుక్కాని తిప్పితే తిరుగుతుంది. రెండు రకాల ఫోన్ల వాళ్ళూ ఎక్కుతున్నారు. ఎక్కి ఒకరికొకరు ఎడంగా కూర్చుంటున్నారు. మంచి జరిగిందని నేను అనడం లేదు. వేరే పడవ లేదు, అంతే.

ఆదివారం. ఎదురుగాలి.

పొద్దున్న నడవలంక రేవులో నావ ఆపితే అక్క నిలబడి ఉంది. చేతిలో సంచీ ఉంది. బావకి సంబంధించిన కాగితాల పనేదో యానాంలో ఉందని సత్తెమ్మ ముందే చెప్పింది. చుట్టూ చూసింది. నది మీద ఇంకో పడవ లేదు. జనమంతా ఎక్కేదాకా ఆగి, చివర్న ఎక్కి, గాలి కొట్టే పక్కన నావ అంచున కూర్చుంది, నాకు వీపు పెట్టి.

నావ నడుస్తోంది. ఎదురుగాలికి కెరటం ఆ పక్కనే లేచి కొడుతోంది. వంతెన కాళ్ళ మధ్యలోంచి వచ్చేటప్పుడు అక్క వీపు బిగుసుకుపోయింది. అది దాటాక ఇక ఉండలేక అన్నాను.

"అక్కా, ఆ పక్క నీళ్ళు కొడతాయి. ఇటొచ్చి కూర్చో."

వినపడింది. భుజం కొద్దిగా కదిలింది. కానీ లేవలేదు. యానాం చేరేసరికి చీర ఒక పక్కంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. దిగేటప్పుడు చెయ్యి అందించాను. అది నన్ను దాటుకుని వెళ్ళి, ఏసుపాదం చెయ్యి పట్టుకుని దిగింది.